రైస్ మిల్లులో తీసేశారు, కులం పేరుతో తిట్టారు: లాయర్‌ని ఎలా చూసుకోవాలి?

మిర్యాలగూడలో తొమ్మిదేళ్లు పనిచేసిన మీ బావని నోటీసు లేకుండా తీసేసి, నలుగురిలో కులం పేరుతో తిట్టారని అడిగారు కదా. ఇవి రెండు వేర్వేరు దారులు.

ఆయన ఎస్సీ లేదా ఎస్టీ అయితే తిట్టినదానికి 1989 అట్రాసిటీ చట్టం కింద పోలీసు కేసు, దాన్ని ప్రభుత్వ ప్రాసిక్యూటరే నడుపుతాడు, దానికోసం లాయర్‌కి లక్షలు పోయక్కర్లేదు. ఉద్యోగం సంగతి లేబర్ ఆఫీసులో మొదలవుతుంది, అక్కడ తేలకపోతే లేబర్ కోర్టు. దీనికి మాత్రం లేబర్ కేసులు తెలిసిన లాయరే కావాలి. మన నల్లగొండ కోర్టులో భూమి కేసులు, యాక్సిడెంట్ కేసులు చూసేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు (తప్పేం కాదు, ఇక్కడ గొడవలే అవి). ఈ-కోర్ట్స్ సైట్‌లో (కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ సైట్) లాయర్ పేరు కొట్టి ఎలాంటి కేసులు వేశాడో చూడండి.

లాయర్ 'వచ్చిన డబ్బులో వాటా ఇవ్వు' అంటే లేచి వచ్చేయండి, లాయర్లకి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ దాన్ని ఒప్పుకోదు. ఫీజు కాగితం మీద రాయించుకోండి.

డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్‌ని ఇస్తారు. ఫోన్ 15100. మిల్లులో పనిచేశాడని చూపడానికి పీఎఫ్ స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్ ఇవాళే జిరాక్స్ తీయించి పెట్టండి.