ఊరి గ్రూపుకి అడ్మిన్ అయ్యావంట

ఒరేయ్ చిన్నా,

మన ఊరి వాట్సాప్ గ్రూపుకి నిన్ను అడ్మిన్ చేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే, కానీ ఎలక్షన్లొస్తే ఆ గ్రూపుని కాయడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నా.

ముందు మన పార్టీ వాళ్ళు రాసేది చూడు. 2019లో నేను తప్పు చేసింది ఇక్కడే. మే 23న రిజల్ట్స్ వస్తుంటే అవతలి పార్టీ కుర్రాడొకడు ఓడిపోయిన నాయకుడి ఇంట్లో ఆడవాళ్ళ మీద చెత్త రాశాడు, నిమిషంలో రిమూవ్ చేశా, అది కరెక్టే. కానీ అంతకు రెండ్రోజుల ముందే మనోడొకడు అవతలోళ్ళని కులం పేరెత్తి తిడితే పోన్లే కోపంలో అన్నాడని వదిలేశా. జనానికి రెండూ గుర్తున్నాయి రా. ఆ రాత్రే ముప్పై నలభై మంది లెఫ్ట్ అయిపోయి వేరే గ్రూపు పెట్టుకున్నారు, ఆ ఏడు వినాయక చవితికి ఒకే వీధిలో రెండు పందిళ్ళు వేశారు, నాకు ఇప్పటికీ బాధే.

2024లో ముందు డిలీట్ చేసింది మీ పిన్ని తమ్ముడు పెట్టిన మార్ఫింగ్ ఫొటో. వాడు నెల రోజులు నాతో మాట్లాడలా, కానీ తర్వాత అవతలి పార్టీ పెద్దాయన పోస్టు తీసేస్తే ఆయన కిక్కురుమనలా.

రోడ్డు వెయ్యలేదు, పింఛను ఆగింది, రాజధాని ఏమైంది అని ఎంత ఘాటుగా అడిగినా ఉండనీ. కులం, మతం, ఇంట్లో ఆడవాళ్ళు, చనిపోయినవాళ్ళు, వీటి జోలికి పోతే మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకుని తీసెయ్. గ్రూపులో బుద్ధులు చెప్పకు, అందరి ముందూ అంటే పరువు పోయిందని ఇంకా రెచ్చిపోతాడు, అదే విడిగా ఫోన్ చేసి అన్నం తిన్నావా అని మొదలెట్టి నువ్వు పెట్టింది మీ అత్త కూడా చూసింది రా అంటే చాలు, చాలామంది వాళ్ళే సారీ పెడతారు. రాత్రి పదింటి తర్వాత ఫోన్ చెయ్యకు, తాగున్నోళ్ళతో మాట పెరుగుద్ది.

అమెరికాలో ఉన్నోళ్ళు మనం పడుకున్నాక మొదలెడతారు, అక్కడోళ్ళలో ఒకర్ని రెండో అడ్మిన్ని చెయ్, అదీ అవతలి పార్టీ వాణ్ణే. కౌంటింగ్ రోజు పొద్దున్నే అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చెయ్, మర్నాడు సాయంత్రం దాకా తియ్యకు.

కేసులంటావా, ఎవరో పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది, ఆన్‌లైన్‌లో పెట్టే రాతలకి కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. అలాగని కుర్రాళ్ళని ధీమాగా ఉండనివ్వకు, కులాల మధ్యా మతాల మధ్యా చిచ్చు పెట్టే రాతలకి భారతీయ న్యాయ సంహితలో 196 సెక్షన్ ఉంది, రేపు పాస్‌పోర్టుకో ఉద్యోగానికో పోలీస్ వెరిఫికేషన్ అన్నప్పుడు ఆ కేసు బయటికొస్తుంది.

నిన్న మీ పెదనాన్న కొడుకు పెట్టింది నేనూ చూశా, ఇంకా అలాగే ఉంది. ఇవాళే తీసేసి వాడికి ఫోన్ చెయ్.

మీ బాబాయ్