గుట్ట మీద ఇల్లు కట్టుకున్న డాక్టరు

వైద్యం వదిలి రాష్ట్ర రాజకీయాల్లోకి వెళ్లిన 19వ శతాబ్దపు అమెరికన్ల గురించి అడిగారు. నాకు వెంటనే గుర్తొచ్చేది అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర తొలి గవర్నర్ డాక్టర్ చార్లెస్ రాబిన్సన్. ఆ రాష్ట్రంలోని లారెన్స్ ఊళ్లో చదువుకున్న రెండేళ్లూ తరగతులకు రోజూ మౌంట్ ఓరియడ్ అనే గుట్ట ఎక్కేదాన్ని. ఒకప్పుడు ఆయన ఇల్లు ఆ గుట్ట మీదే ఉండేదని తెలిశాక ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

1818లో మసాచుసెట్స్‌లో పుట్టారు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్తున్న బృందానికి వైద్యుడిగా కాన్సస్ మీదుగా ప్రయాణించారు. మరుసటి ఏడాది శాక్రమెంటో భూతగాదాల్లో తుపాకీ గుండు తగిలి, జైల్లో ఉండగానే అక్కడి శాసనసభకు ఎన్నికయ్యారు. 1854లో బానిసత్వాన్ని వ్యతిరేకించే వలసదారులను స్థిరపరచడానికి కాన్సస్ వచ్చారు. లారెన్స్ ఊరు అలా పుట్టింది.

నన్ను కట్టిపడేసింది 1855 డిసెంబరు. పొరుగున ఉన్న మిస్సోరీ నుంచి బానిసత్వాన్ని సమర్థించే సాయుధులు వచ్చి ఊరిని చుట్టుముట్టారు. థామస్ బార్బర్ అనే స్థానికుణ్ని కాల్చి చంపారు. ఊరంతా రగిలిపోతోంది, చేతుల్లో తుపాకులున్నాయి. అయినా రక్షణ బాధ్యత చూస్తున్న రాబిన్సన్ ముందుగా దాడికి దిగనివ్వలేదు. చివరికి, ఇంకా రాష్ట్రం కాని కాన్సస్‌కు అప్పట్లో ప్రాంతీయ గవర్నర్‌గా ఉన్న విల్సన్ షానన్ వచ్చి సంధి కుదిర్చారు. చావును దగ్గరగా చూసిన వైద్యుడు కాబట్టే అంత ఓపిక పట్టగలిగారని నా నమ్మకం. మరుసటి మే నెలలో ఆయనను దేశద్రోహ నేరం మోపి నిర్బంధించారు. అదే నెలలో గుట్ట మీది ఇంటిని తగలబెట్టారు.

1861లో కాన్సస్ రాష్ట్రమయ్యాక గవర్నరయ్యారు. అక్కడ అది మన ముఖ్యమంత్రిలా ఎన్నికై పాలించే పదవి. 1862లో రాష్ట్ర బాండ్ల అమ్మకం వివాదంలో ఆయనపై అభిశంసన, అంటే పదవి నుంచి తొలగించేందుకు చట్టసభ మోపే అభియోగం, వచ్చింది. అమెరికాలో అభిశంసనకు గురైన తొలి రాష్ట్ర గవర్నర్ ఆయనే. నిర్దోషిగా తేలినా మళ్లీ గవర్నర్‌గా ఎన్నిక కాలేదు. ఆ తర్వాత రాష్ట్ర సెనేట్‌లో పనిచేశారు, స్త్రీల ఓటు హక్కును సమర్థించారు.

ఒక్క విషయం మాత్రం నాకు మింగుడుపడదు. 1880ల చివర్లో ఆయన హాస్కెల్ పాఠశాలకు అధిపతిగా ఉన్నారు. ఆదివాసీ పిల్లలను కన్నవారి నుంచి, సొంత భాష నుంచి దూరం చేసిన వసతి బడి అది. బానిసత్వంపై అంతగా పోరాడిన మనిషి అక్కడ ఎలా పనిచేయగలిగారు? నేను రోజూ ఎక్కిన గుట్ట మీద కాన్సస్ విశ్వవిద్యాలయానికి 40 ఎకరాలు వచ్చింది రాబిన్సన్ దంపతుల నుంచే. హాస్కెల్ కూడా అదే ఊళ్లో, ఆ గుట్టకు ఎంతో దూరంలో లేదు.