ట్యాంక్ 22 గ్యాలన్లా, 19 గ్యాలన్లా, 85 లీటర్లా? మందు ఏ లెక్కన వేయాలి?

మీరు రాసిందాన్ని బట్టి ట్యాంక్ 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 18 ఎత్తు. చేపలకు తెల్ల మచ్చలు వచ్చాయి. కొన్న చోట 22 గ్యాలన్లు అన్నారు, చేపలు పెంచే ఫ్రెండ్ 19 అన్నాడు, ఫోన్‌లో కాలిక్యులేటర్ 85 లీటర్లు చూపించింది. మందు సీసా మీద మాత్రం 10 గ్యాలన్లకు 5 ఎంఎల్ అని ఉంది. ఎవరి మాట నమ్మాలి అన్నది మీ ప్రశ్న.

ముగ్గురూ సరిగ్గానే చెప్పారండి. అయినా ఆ మూడు అంకెల్లో దేన్నీ పట్టుకుని మందు వేయకండి. మీ ట్యాంక్‌లో నిజంగా ఉన్న నీళ్లు 65 లీటర్ల దగ్గర ఉంటాయి.

ముందు గ్యాలన్ గొడవ చూద్దాం. గ్యాలన్లు రెండు రకాలు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటన్‌ది 4.546 లీటర్లు. బ్రిటన్ వాళ్లు 1824లో పాత కొలతలు పక్కనపెట్టి, 10 పౌండ్ల నీళ్లు పట్టేదాన్ని గ్యాలన్‌గా పెట్టుకున్నారు, అమెరికా వాళ్లు పాత ఇంగ్లీషు గ్యాలన్‌నే ఉంచేసుకున్నారు, అక్కడ మొదలైంది ఈ తేడా. మన దగ్గర పెద్దవాళ్ల నోట గ్యాలన్ అంటే నాలుగున్నర లీటర్లే, ఎందుకంటే బ్రిటిష్ వాళ్ల హయాంలో మనకు వచ్చింది ఆ గ్యాలనే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే మందులు, ఫిల్టర్ల మీద ఉండేది ఎక్కువగా అమెరికా గ్యాలన్. మీ ట్యాంక్ కొలతలు మూడూ గుణిస్తే 5184 ఘనపు అంగుళాలు. దాన్ని 61తో భాగిస్తే 85 లీటర్లు. ఆ 85నే 3.785తో భాగిస్తే 22న్నర, 4.546తో భాగిస్తే దాదాపు 19. చూశారా, ఒకటే పెట్టె, మూడు పేర్లు.

ఇది నేను పుస్తకం చూసి చెప్తున్నది కాదు, నా చేపల్ని పోగొట్టుకుని నేర్చుకున్నాను. నాది మూడడుగుల ట్యాంక్, 36 బై 15 బై 18 అంగుళాలు. అమ్మినాయన 42 గ్యాలన్లు అన్నాడు. అది అమెరికా లెక్క అని నాకు తెలియదు. గ్యాలన్ అంటే నాలుగున్నర లీటర్లని మా నాన్నగారు చెప్పింది గుర్తుంది, అందుకని 42ని నాలుగున్నరతో గుణించి 189 లీటర్లని కాగితం మీద రాసుకుని, తెల్ల మచ్చల మందు ఆ లెక్కకే కొలిచి పోశాను. క్లౌన్ లోచ్‌లు మూడు ఉండేవి, నారింజ రంగు ఒంటి మీద నల్ల పట్టీలతో, డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంక్‌లో పెట్టే చెక్క) కింద ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునేవి. రాత్రి మందు వేశాను, తెల్లారేసరికి రెండు పక్కకి ఒరిగి మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. సగం నీళ్లు మార్చాను, గాలి పంపు రెండోది కూడా పెట్టాను. మధ్యాహ్నానికి మూడూ పోయాయి. వాటికి పొలుసులు చాలా చిన్నవి, మందు అందరికంటే ముందు వాటికే తగులుతుంది.

ఆ వారం ట్యాంక్ ఖాళీ చేసి, ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్‌తో లెక్కపెడుతూ మళ్లీ నింపాను. గులకరాళ్లు, రాళ్లు, చెక్క అన్నీ లోపలే ఉంచాను. ఐదు క్యాన్లు పూర్తిగా పట్టాయి, ఆరోదాంట్లో అడుగున రెండు లీటర్లు మిగిలాయి. అంటే 118 లీటర్లు. నేను మందు వేసింది 189కి. వేయాల్సినదానికి ఒకటిన్నర రెట్ల పైనే పడింది.

ఇంత తేడా గ్యాలన్ వల్ల ఒక్కటే రాలేదు. కొట్టులో చెప్పే కొలత అద్దం బయటి అంచు నుంచి బయటి అంచు వరకు. పైన రెండంగుళాలు వదిలేస్తాం, ఎవరూ అంచు దాకా నింపరు. అడుగున రెండంగుళాల గులకరాళ్లు పరిస్తే ఆ చోటులో సగానికి పైగా రాయే, నీళ్లు సందుల్లోనే ఉంటాయి. మీ ట్యాంక్‌కి అద్దం మందం 6 మిల్లీమీటర్లు, గులకరాళ్లు రెండంగుళాలు, పైన ఖాళీ రెండంగుళాలు అనుకుని నేను 65 అన్నాను. పెద్ద రాళ్లుంటే ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు మీ చేపలకు బాగాలేదు కాబట్టి ట్యాంక్ ఖాళీ చేయొద్దు. ఖాళీ చేయకుండానే నీళ్లు కొలవడానికి ఒక మార్గం ఉంది, నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. నీటి మట్టం దగ్గర అద్దం మీద మార్కర్‌తో గీత పెట్టండి. సైఫన్ పైపుతో సరిగ్గా 20 లీటర్ల క్యాన్ నిండేదాకా నీళ్లు తీయండి. మట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగిందో స్కేలుతో చూడండి. మీ ట్యాంక్‌లో 11న్నర దగ్గర దిగాలి. గులకరాళ్ల పైనుంచి మొదటి గీత దాకా ఉన్న ఎత్తుని ఆ దిగిన ఎత్తుతో భాగించి 20తో గుణిస్తే రాళ్ల పైనున్న నీళ్లు వచ్చేస్తాయి, సందుల్లో ఉన్నవాటికి ఇంకో మూడు నాలుగు లీటర్లు కలుపుకోండి. ముందు అద్దం వంపు తిరిగి ఉండే ట్యాంక్‌లకు కూడా ఇదే పనిచేస్తుంది, అక్కడ పొడవు వెడల్పు గుణించి లాభం లేదు. ఎలాగూ నీళ్లు మార్చాలి కాబట్టి అదీ అయిపోతుంది, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయాకే తిరిగి పోయండి.

భీమవరం దగ్గర మా చుట్టాలకు రొయ్యల చెరువులున్నాయి. ఎకరం చెరువులో అడుగు లోతు నీళ్లంటే 12 లక్షల 33 వేల లీటర్లు. తవ్వినప్పుడు ఎంత లోతన్నది వాళ్లు అడగరు, మందు చల్లే రోజున కర్ర దించి నాలుగైదు చోట్ల లోతు చూసుకుంటారు. నేను అది చిన్నప్పటి నుంచీ చూస్తూ కూడా నా ట్యాంక్ దగ్గర చేయలేదు, ఆ బాధ ఇంకా ఉంది.

సీసా మీద గ్యాలన్ ఏ దేశానిదో తెలియకపోతే పక్కన లీటర్లు కూడా వేశారేమో వెతకండి. 10 గ్యాలన్ల పక్కన 38 లీటర్లని ఉంటే అమెరికాది, 45 అని ఉంటే బ్రిటన్‌ది. మీది అమెరికాది అయితే 65 లీటర్లంటే 17 గ్యాలన్లు, అంటే మందు 8న్నర ఎంఎల్. 22 గ్యాలన్లని వేసుంటే 11 పడేది. మూతతో, చుక్కలతో కొలవకండి, మెడికల్ షాపులో సూది లేని సిరంజి అడిగితే ఇస్తారు. లోచ్‌లు, క్యాట్‌ఫిష్‌లు ఉంటే ఎంత తగ్గించాలో సీసా మీద రాసి ఉంటుంది, అది తప్పకుండా చదవండి.

స్టాండ్ బరువు చూసుకునేటప్పుడు మాత్రం 65 కాదు, 85 కిలోల నీళ్లు, దానిమీద అద్దం, రాళ్లు కలిపి లెక్కేసుకోండి.

మందు వేసే ముందు ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది. 20 లీటర్లు తీశాక మట్టం ఎంత దిగిందో, ఏమేం చేపలున్నాయో ఇక్కడే రాయండి, లెక్క కలిసి చూద్దాం.