విశేషణం కింద తేదీ ఉండాలి

చిరంజీవికి,

జడ్జీల కోసం అభ్యర్థి గుణాన్ని పక్కనపెట్టిన అమెరికా ఓటర్ల మీద నువ్వు రాసిన వ్యాసంలో డాలస్ పొరుగింటి పెద్దావిడ దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. వివాహేతర సంబంధం బయటపడ్డ 1998లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ దిగిపోవాల్సిందేనన్న మనిషి 2016లో ట్రంప్‌కి ఓటేసింది. ఎందుకని నువ్వడిగితే "మనిషి నాలుగేళ్లు, జడ్జి ముప్పయ్యేళ్లు" అంది. నువ్వేమో దాని పక్కనే "ఇంతకన్నా ద్వంద్వనీతి ఏముంటుంది?" అని రాసి పేరా మార్చేశావు. వ్యాసం మొత్తంలో నిలబడే వాక్యం ఆమెదే. విప్పి చూపించాల్సిన మాటను వెక్కిరించి వదిలేశావు.

భాష శుభ్రంగా ఉంది. ఇక అసలు సంగతికొస్తాను.

అభ్యర్థి గుణం గురించి రాయబోయేవాళ్లంతా విశేషణాలతో మొదలుపెడతారు. నీచుడు, నిజాయితీపరుడు, కుటిలుడు. ఎదుటి పార్టీవాడి దగ్గరా అవే విశేషణాలుంటాయి, తగిలించే పేరు ఒక్కటే మారుతుంది. నాదొక పట్టుదల ఉంది, నన్నెరిగినవాళ్లు చాదస్తమంటారు. ప్రతి విశేషణం కిందా ఒక తేదీ ఉండాలి. ఆ తేదీ పక్కన అదే నోరు ఇంకో తేదీన అన్నమాట ఉండాలి. ఆ రెండూ దొరక్కపోతే విశేషణం కొట్టెయ్యాలి.

పెద్దావిడ మాటనే పరీక్షకు పెడదాం. ముప్పయ్యేళ్లన్నది ఊరికే అన్నది కాదు. ఆంటొనిన్ స్కాలియా 1986 సెప్టెంబరులో అమెరికా సుప్రీంకోర్టుకి వచ్చాడు, 2016 ఫిబ్రవరి 13న చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆయన స్థానంలోకి వచ్చిన నీల్ గోర్సచ్‌కి అప్పటికి 49 ఏళ్లు. 2020లో వచ్చిన ఏమీ కోనీ బారెట్‌కి 48. కుర్రవాళ్లను ఏరి కూర్చోబెట్టడమే అక్కడి లెక్క. ఇది నువ్వు తెలుగు పాఠకుడికి చెప్పలేదు. మనవాళ్ల తలలో ఉన్నది మన సుప్రీంకోర్టు: 65 ఏళ్లకి రిటైర్మెంటు, కొలీజియం సిఫారసు, ముప్పైమందికి పైగా న్యాయమూర్తులు, ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చునే బెంచీలు. అక్కడున్నవి తొమ్మిది కుర్చీలు. తొమ్మిదిమందీ కలిసే వింటారు. రిటైర్మెంటు వయసు లేదు. పేరు ఎంచేది అధ్యక్షుడు, ఒప్పుకునేది సెనేట్. ఈ నాలుగు ముక్కలూ మొదటి పేజీలోనే పడకపోతే ఆవిడ లెక్క మనవాళ్లకి మూర్ఖత్వంలాగే కనబడుతుంది.

తర్వాత క్యాలెండరు. స్కాలియా పోయిన రోజునే సెనేట్‌లో మెజారిటీ ఉన్న రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ ఈ ఖాళీని రాబోయే అధ్యక్షుడే నింపాలని ప్రకటించాడు. మార్చి 16న ఒబామా జడ్జి మెరిక్ గార్లండ్ పేరు పంపాడు. దాని మీద విచారణ పెట్టలేదు, కమిటీలో ఓటు లేదు, సభలో ఓటు లేదు. 293 రోజులు అలా పడి ఉండి, 2017 జనవరి 3న పాత కాంగ్రెస్‌తో పాటే ఆ పేరూ మురిగిపోయింది. నువ్వు "సెనేట్ గార్లండ్‌ను తిరస్కరించింది" అని రాశావు. తిరస్కరించడమంటే 1987 అక్టోబరు 23న రాబర్ట్ బోర్క్‌ని 42–58తో ఓడించడం. గార్లండ్ విషయంలో అసలు ఎవరూ చెయ్యెత్తి కాదనలేదు. ఎవరి పేరు మీదా పాపం పడకుండా పని కానిచ్చారు. "తిరస్కరించింది" అన్న ఒక్క క్రియతో ఆ తెలివంతా నీ పాఠకుడికి కనబడకుండా పోయింది.

2016 మే 18న ట్రంప్ 11 పేర్ల జాబితా బయటపెట్టాడు. సుప్రీంకోర్టుకి ఎవరెవరిని పెడతానో అభ్యర్థి ఎన్నికకి ముందే రాసివ్వడం అంతకుముందు ఆనవాయితీ కాదు. ఎందుకు రాసివ్వాల్సి వచ్చింది? 1990లో తండ్రి బుష్ పెట్టిన డేవిడ్ సూటర్, తీరా కుర్చీ ఎక్కాక ఉదారవాదులతో కలిసి తీర్పులిచ్చాడు. ఇంకో సూటర్ వద్దన్నది రిపబ్లికన్ల పాత కక్ష. అందులోనూ ఈ అభ్యర్థి మాట మీద వాళ్లకే నమ్మకం లేదు. గుణం మీద అనుమానమే జాబితాని పుట్టించింది. నీ వ్యాసంలో గుణం ఒక అధ్యాయం, జడ్జీలు ఇంకో అధ్యాయం అయ్యాయి. ఆ రెండూ కలిసే చోటు ఇదే, నువ్వు దీన్ని దాటేసి వెళ్లావు.

సెప్టెంబరు 23న జాబితా 21కి పెరిగింది. గోర్సచ్ పేరు వచ్చింది అందులోనే. మే జాబితాలో ఉందని నువ్వు రాసింది తప్పు, దిద్దు. సరిగ్గా ఆ రోజే రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్ ట్రంప్‌కి మద్దతు ప్రకటించాడు. జులైలో పార్టీ మహాసభ వేదికెక్కి, అభ్యర్థి పేరుకి ఓటడక్కుండా అంతరాత్మ చెప్పినట్టు వెయ్యమని, సభచేత కేకలు వేయించుకున్న మనిషి. మద్దతుకి ఆయన చెప్పిన కారణాల్లో మొదటిది సుప్రీంకోర్టు. కొత్తగా చేరిన పేర్లలో ఆయన సన్నిహితుడు సెనేటర్ మైక్ లీ కూడా ఉన్నాడు. ఇవన్నీ ఒకే తేదీ కింద వరసగా పెట్టు చాలు, విశేషణంతో పని లేదు. ఆడవాళ్ల గురించి ట్రంప్ కూసిన కూతల టేపు, 2005 నాటిది, అక్టోబరు 7న బయటపడింది. అంటే జాబితా పూర్తయిన రెండు వారాలకి. నువ్వు టేపుతో మొదలుపెట్టి జాబితాకి వెనక్కి నడిచావు. అలా రాస్తే టేపు చూశాక కూడా జనం జడ్జీల కోసం సర్దుకున్నారన్నట్టు ఉంటుంది. నిజానికి బేరం ముందు కుదిరింది, పరీక్ష తర్వాత వచ్చింది. వరస తిప్పి రాయి.

ఆవిడ వెళ్లేది సదరన్ బాప్టిస్టు చర్చికని నువ్వే రాశావు. అలాంటప్పుడు 1998 జూన్‌లో ఆ బాప్టిస్టుల జాతీయ సమావేశం, పాలకుల నైతిక నడవడి మీద చేసిన తీర్మానం నీ వ్యాసంలో ఎందుకు లేదు? నాయకుల తీవ్రమైన తప్పులను సహిస్తే సమాజం మనస్సాక్షి మొద్దుబారుతుందన్నది దాని సారం. దాని పక్కన పబ్లిక్ రెలిజియన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ సర్వే పెట్టు. సొంత జీవితంలో నీతి తప్పినవాడు పదవిలో నీతిగా ఉండగలడని 2011లో తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో (బైబిలు మాటకి గట్టిగా కట్టుబడే ప్రొటెస్టెంట్లలో) 30 శాతం ఒప్పుకున్నారు, 2016లో 72 శాతం. "క్రైస్తవులు" అని గంపగుత్తగా రాయకు. నల్లజాతి ప్రొటెస్టెంట్ల ఓటు చాలామటుకు డెమొక్రాట్ల పక్క ఉంది.

ఇప్పుడు అవతలి నోరు. 1998లో క్లింటన్ సొంత జీవితం వేరు, పాలన వేరు అని వాదించింది డెమొక్రాట్లు. 2017 నవంబరుకి వచ్చేసరికి అదే పార్టీ సెనేటర్ కర్స్టెన్ గిలిబ్రాండ్, క్లింటన్ అప్పుడు రాజీనామా చేసి ఉండాల్సిందంది. అప్పటికి ఆయన పదవి దిగి పదహారేళ్లు దాటింది. జడ్జీల విషయానికొస్తే, 1992 జూన్ 25న, జడ్జీల పేర్లు పరిశీలించే సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ఛైర్మన్, డెమొక్రాట్ జో బైడెన్, ఎన్నికల వేళ ఖాళీ వస్తే బుష్ నవంబరు దాకా పేరు పంపకుండా ఆగాలన్నాడు. 2016 మార్చిలో రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహం, రేపు మా అధ్యక్షుడికి ఇలాంటి ఖాళీ వస్తే నా మాటలే నాకు అప్పజెప్పండన్నాడు. 2020 సెప్టెంబరు 18న సుప్రీంకోర్టు న్యాయమూర్తి గిన్స్‌బర్గ్ చనిపోయింది, ఆ ఖాళీకే బారెట్ పేరు వచ్చింది. బారెట్ విచారణ నడిపిన కమిటీ ఛైర్మన్ ఆ గ్రాహమే. అక్టోబరు 26న 52–48తో ఆమోదం అయింది, ఎన్నికకి ఎనిమిది రోజుల ముందు. 2016లో తొమ్మిదో కుర్చీ ఖాళీగా ఉంచడం ద్రోహమన్న డెమొక్రాట్లు, 2020లో ఎన్నిక అయ్యేదాకా ఆగమన్నారు.

ఇక్కడో ప్రమాదముంది. ఈ పేరా చూడగానే మన సంపాదకులకి ప్రాణం లేచొస్తుంది. "ఇద్దరూ ఒక తాను ముక్కలే" అని ఒక వాక్యం చివర్న తగిలించమంటారు. నువ్వు తగిలించకపోతే వాళ్లే తగిలిస్తారు. ఒప్పుకోకు. 1992లో బైడెన్ చేసింది ఒక ప్రసంగం, అప్పుడు ఖాళీ లేదు, ఆగిపోయిన పేరూ లేదు. 2016లో ఖాళీ ఉంది, పేరు ఉంది, ఆపారు. ఇక 2013 నవంబరు 21న కింది కోర్టుల జడ్జీల మీద సభలో చర్చ ముగించడానికి 60 ఓట్లు కావాలన్న అడ్డంకిని 52–48తో తీసేసింది హ్యారీ రీడ్ నడిపిన డెమొక్రాట్లు. దాన్నే సుప్రీంకోర్టుకి పొడిగించింది 2017 ఏప్రిల్ 6న మెకానెల్. మర్నాడు గోర్సచ్ 54–45తో గట్టెక్కాడు. తూకం పేరుతో తేడాలు చెరిపెయ్యడం తెలుగు పత్రికలకి పట్టిన పాత జబ్బు. దానికి తోడు ఏజెన్సీ వార్తని హడావిడిగా తెలుగు చేసి, పైన "అగ్రరాజ్యంలో కలకలం" అని పెట్టే డెస్కులు. అంకెలు కొట్టేస్తారు, కలకలం ఉంచుతారు.

నియామకం ఎలా నడుస్తుందో నువ్వు ఒక వాక్యంలో తేల్చేశావు. అసలు తగువులన్నీ ఆ మెట్ల మీదే జరుగుతాయి. అధ్యక్షుడు పేరు పంపుతాడు. ఎఫ్‌బీఐ పూర్వాపరాలు చూస్తుంది. అభ్యర్థి తన తీర్పులు, ప్రసంగాలు, ఆస్తులు అన్నీ ప్రశ్నావళిలో నింపుతాడు. తర్వాత జ్యుడీషియరీ కమిటీ విచారణ, కమిటీ ఓటు, సభలో చర్చ ముగించే ఓటు, చివరికి ఆమోదం ఓటు. జిల్లా కోర్టు జడ్జికైతే ఆ రాష్ట్ర సెనేటర్లిద్దరి బ్లూ స్లిప్, అంటే సమ్మతి చీటీ, కూడా కావాలి. అప్పీళ్లు వినే సర్క్యూట్ కోర్టులకి ఆ పట్టింపుని ట్రంప్ మొదటి పాలనలో వదిలేశారు. సుప్రీంకోర్టు ఏడాదికి వినేది అటూ ఇటుగా 60, 70 కేసులు, మిగతావన్నీ సర్క్యూట్‌లోనే తేలిపోతాయి. ట్రంప్ మొదటి నాలుగేళ్లలో మొత్తం 234 మంది ఫెడరల్ జడ్జీలు, వాళ్లలో 54 మంది సర్క్యూట్‌లో. బైడెన్ 235 మందిని పెట్టాడు, సర్క్యూట్‌లో 45 మంది. మొత్తాలు సమానమని రాసి ఊరుకుంటే పాఠకుడికి అబద్ధం చెప్పినట్టే.

ఎగ్జిట్ పోల్ వాడిన తీరు కూడా సరిగా లేదు. 2016లో సుప్రీంకోర్టు నియామకాలే అన్నిటికన్నా ముఖ్యమన్నవాళ్లు 21 శాతం. వాళ్లలో 56 శాతం ట్రంప్‌కి, 41 శాతం హిల్లరీ క్లింటన్‌కి వేశారు. నువ్వు 21 శాతాన్నీ ట్రంప్ ఖాతాలో రాసేశావు. అవతలివాళ్లూ జడ్జీల కోసమే ఓటేశారన్నది నీ వాదానికి ఇబ్బంది గనక వదిలేశావేమో. ఓటేసి బయటికొచ్చిన మనిషి చెప్పే కారణం, ఓటేసిన కారణం ఒకటే కానక్కర్లేదన్న జాగ్రత్త కూడా ఉండాలి.

కోర్టుని పార్టీ ఆఫీసు చేసి రాయకు. 2022 జూన్ 24న గర్భస్రావ హక్కుని కొట్టేసిన తీర్పులో ట్రంప్ పెట్టిన ముగ్గురూ, గోర్సచ్, కావనా, బారెట్, ఉన్నారు. గర్భస్రావాన్ని కట్టడి చేసిన మిసిసిపీ చట్టాన్ని నిలబెట్టింది 6–3, ఆ హక్కునిచ్చిన పాత తీర్పుని రద్దు చేసింది మాత్రం 5–4. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అంతదూరం వెళ్లలేదు. స్వలింగ, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకి రక్షణ ఇచ్చిన 2020 జూన్ 15 తీర్పు రాసింది గోర్సచ్. 2020 ఎన్నిక ఫలితాన్ని తిరగదోడమన్న టెక్సస్ దావాని ఆ డిసెంబరు 11న తోసిపుచ్చినప్పుడూ ఆ ముగ్గురు కుర్చీల్లోనే ఉన్నారు.

చివరి పేజీలో "ఇవన్నీ మనకెందుకు" అని నువ్వే అడిగి, "ప్రజాస్వామ్యం అందరిదీ" అని జవాబిచ్చుకున్నావు. అది కొట్టెయ్. 2025 జనవరి 20 నాటి ట్రంప్ ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే అక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం రాదు. హెచ్-1బి మీద ఉన్న తెలుగు దంపతుల సంగతే అది. మూడు రోజుల్లో దాన్ని ఆపిన సియాటిల్ జడ్జి జాన్ కఫెనార్‌ని ఆ కుర్చీలో పెట్టింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్, 1981లో. 2025 జూన్ 27న, జిల్లా జడ్జీలు దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వులివ్వకూడదని 6–3తో తీర్పు రాసింది బారెట్. పౌరసత్వం మాట ఆ తీర్పులో తేల్చలేదు. నీ కాలనీలో ఈ వాదన నడిచిన ఇళ్లెన్నో నాకన్నా నీకే తెలుసు. ఆ ఇళ్లలో ఒకదాంతో చివరి పేజీ నింపు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలన్న దాని గురించీ అడిగావు. వాటి జోలికి నేను పోను. కాఫీ వాసనతో, కిటికీ బయటి మంచుతో వ్యాసం మొదలుపెట్టడం ఇప్పటి ఫ్యాషనట. నీ మొదటి పేరాలో రెండూ ఉన్నాయి, తీసెయ్.

ఆశీస్సులతో.

తా.క. బ్రెట్ కావనాకి 2018 అక్టోబరు 6న పడ్డ 50–48 ఓట్లు చెప్పి "ఇద్దరు సెనేటర్లు గైర్హాజరు" అన్నావు. రానివాడు ఒక్కడే, మోంటానా సెనేటర్ స్టీవ్ డెయిన్స్. ఆ రోజు కూతురి పెళ్లి. ఆయన ఓటు అనుకూలంగా పడాల్సింది. కాదని వెయ్యబోయిన అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీ, ఆయన రాలేకపోయినందుకు తన ఓటు కూడా లెక్కలోకి రాకుండా "హాజరు" అని మాత్రం పలికింది. ఇద్దరిదీ ఒకటే పార్టీ.