నాయకుల మీద కేసు సంగతి తర్వాత, ముందు ఆ వైరు ముక్క ఎక్కడుందో చూడండి

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, ఊరి పేరు వేయకండి. పోయిన ఏప్రిల్ మూడో వారంలో అర్ధరాత్రి మా వీధిలో పదకొండు ఇళ్ళు, వెనక షెడ్లు కాలిపోయాయి. మా ఇల్లు పోయింది (నా భార్య పేరున ఉంది), షెడ్డులో జీడి పిక్కల బస్తాలు పోయాయి, తాడు విప్పే టైము లేక గేదె కూడా చచ్చిపోయింది. స్తంభం దగ్గర వైర్లు గాలికి రాసుకుని రవ్వలు రాలాయని వీధంతా అంటారు. ఫైరింజన్ లేటుగా వచ్చింది, వచ్చాక నీళ్ళు సగంలో అయిపోయాయి. ఒక పార్టీ నాయకుడు వచ్చి పాత ప్రభుత్వం వైర్లు మార్చలేదన్నాడు, ఇంకో పార్టీ ఆయన వచ్చి ఇప్పటి వాళ్ళ చేతకానితనం అన్నాడు. మా నాయకుడు చెబితే అవతలి పార్టీ వాళ్ళే నిప్పు పెట్టారని అనుమానం ఉన్నట్టు స్టేషన్లో రాసిచ్చాం. కేసులూ గీసులూ వద్దు నేను చూసుకుంటా అని ఆ మా నాయకుడే అన్నారు, పది నెలలైంది. ఇన్సూరెన్స్ వాళ్ళు 3 లక్షల 40 వేలు ఇస్తాం సంతకం పెట్టండి అంటున్నారు. తెలిసిన బ్రోకర్ ఒకాయన ఇంకో 6 లక్షలకి పిక్కల బిల్లులు ఇప్పిస్తానంటున్నాడు. లాస్ ఏంజిల్స్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు అక్కడ కరెంటు కంపెనీ మీద కేసు వేసి కోట్లు తీసుకుంటున్నారని చెప్పాడు. అమ్మాయి పెళ్ళి ఆగిపోయింది. నాయకులు, మునిసిపాలిటీ, ఫైర్, కరెంటు, అందరి మీదా కేసు వేయొచ్చా?

జవాబు: మీరు పంపింది నాలుగు పేజీలు, అందులో మూడు పేజీలు నాయకులే ఉన్నారు, ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు ఎవర్ని తిట్టారు, ఏ టీవీలో ఏం మాట్లాడారు అని. నేను వేసింది కుదించి వేశాను. కోర్టుకి అదంతా అక్కర్లేదు. నిప్పు ఎక్కడ పుట్టింది, మీ కేసు మొత్తం ఈ ఒక్క మాట మీదే ఉంది. దీని మీద ఇప్పటిదాకా కాగితం మీదకెక్కిన మాట ఎవరిదండీ అంటే మీదే, అదీ మీకే అడ్డంగా ఉంది.

ఏటండీ ఆ కంప్లైంట్? వైర్ల నుంచి రవ్వలు రాలాయని వీధంతా అంటుంటే మీరు స్టేషన్‌కెళ్ళి ఎవరో నిప్పు పెట్టారని రాసిస్తారా? రేపు మీరు కరెంటు కంపెనీ మీద దావా వేస్తే వాళ్ళ లాయరు ఇంకేం చేయక్కర్లేదు, ఆ కంప్లైంట్ సర్టిఫైడ్ కాపీ తెచ్చి మీ చేతికిచ్చి ఈ సంతకం మీదేనా అని అడిగితే చాలు, అక్కడితో సగం కేసు అయిపోతుంది. నాయకుడికేం పోయింది, ఆయనకి ఆ వారం ప్రెస్ మీట్‌కి సరుకు దొరికింది. పైగా పేర్లు పెట్టి రాశారా లేదా చెప్పలేదు, పేర్లు పెట్టి ఉంటే, అది తెలిసి చెప్పిన అబద్ధమని తేలితే భారతీయ న్యాయ సంహిత 217 కింద మీ మీదకే తిరుగుతుంది.

దాన్ని ఇప్పుడు దాచకండి, చింపినా పోదు. స్టేషన్లో ఆ కేసు ఏమైందో కనుక్కోండి, ఆధారాల్లేవని క్లోజ్ చేసి కోర్టుకి రిపోర్ట్ పంపి ఉంటే దాని సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఇంకా నడుస్తుంటే, నేను కళ్ళతో ఎవర్నీ చూడలేదు, అనుమానంతో రాశాను, ఆ రాత్రి నాకు కనిపించింది ఇదీ అని ఉన్నది ఉన్నట్టు ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌చార్జి) గారికి రాసిచ్చి రసీదు తీసుకోండి. చూడనిది చూశానని ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టకండి. రవ్వలు రాలడం నిజంగా చూసిన పక్కింటివాళ్ళు చెప్పాలి ఆ మాట.

ఇక లాస్ ఏంజిల్స్ సంగతి. మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. 2025 జనవరి 7న పాలిసేడ్స్, ఈటన్ అని రెండు పెద్ద మంటలు మొదలై 16 వేలకి పైగా ఇళ్ళూ కట్టడాలూ పోయాయి. అక్కడా అచ్చం మీ వీధిలో జరిగిందే జరిగింది. మంటలు రేగిన రోజు మేయర్ కరెన్ బాస్ ఘనాలో ఉన్నారని గోల, ఫిబ్రవరిలో ఆవిడ ఫైర్ చీఫ్‌ని తీసేస్తే దానిమీద ఇంకో గోల, ట్రంప్ ఏమో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్‌ని నీళ్ళ విషయంలో తిట్టడం, పాలిసేడ్స్‌లో ఫైరింజన్లు నీళ్ళు పట్టుకునే హైడ్రెంట్లలో నీళ్ళు రాకపోవడం, పక్కనున్న శాంటా యెనెజ్ రిజర్వాయర్ రిపేరు కోసం ఖాళీ చేసి ఉండటం. అయితే ఈటన్ మంట మీద మీ తమ్ముడు చెప్పే దావాలు గురిపెట్టింది మాత్రం సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే కరెంటు కంపెనీ లైన్ల మీద. అమెరికా ప్రభుత్వం కూడా 2025 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ మీద దావా వేసింది. డబ్బు ఉన్న చోటు, ఆధారం దొరికే చోటు అదే కాబట్టి అక్కడికే వెళ్ళారు.

మీ తమ్ముడు చెప్పని సగం ఏంటంటే, కాలిఫోర్నియాలో లైన్ వల్లే మంట పుట్టిందని రుజువైతే చాలు, కంపెనీ నిర్లక్ష్యం వేరేగా రుజువు చేయక్కర్లేకుండా ఆస్తి నష్టం కట్టించే సూత్రం అక్కడి కోర్టుల్లో ఉంది. మనకి అలాంటిది ఆస్తి నష్టానికి అంత సాఫీగా లేదు. ఎంపీ ఎలక్ట్రిసిటీ బోర్డు వర్సెస్ శైల్ కుమారి కేసులో 2002లో సుప్రీంకోర్టు, కరెంటు లాంటి ప్రమాదకరమైన వస్తువు నడిపేవాడు నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా బాధ్యుడే అంది, కానీ అది తెగిపడ్డ వైరు తగిలి మనిషి చచ్చిపోయిన కేసు. ఆ సూత్రం మీ ఇంటికి కూడా వర్తిస్తుందని వాదిస్తాం, వాదించాలి కూడా, గెలుస్తామని మాత్రం నేను రాసివ్వను. ఎక్కడైనా సరే మంట ఆ లైన్ నుంచే అని చూపించే బాధ్యత మనదే. 2018లో కాలిఫోర్నియాలోనే ప్యారడైజ్ ఊరు కాలిపోయి 85 మంది చనిపోతే, కరెంటు టవర్ మీద అరిగిపోయి విరిగిన ఒక ఇనప కొక్కెం పట్టుకున్నారు దర్యాప్తు వాళ్ళు, రెండేళ్ళలో ఆ కంపెనీ 84 మంది చావుకి కోర్టులో నేరం ఒప్పుకుంది. కొక్కెం దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

మీ వీధిలో ఆ వైరు ఎక్కడుంది? మర్నాడు పొద్దున్నే లైన్‌మన్లు వచ్చి కొత్త వైరు లాగేసి కాలిన ముక్కలు పట్టుకుపోయారని మీరే ఒక లైన్లో రాసి వదిలేశారు. ఫొటో తీయలేదా ఎవరూ? పదకొండు ఇళ్ళ వాళ్ళున్నారు, ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది, నాయకుడితో సెల్ఫీలు బోలెడు ఉంటాయి, స్తంభం ఫొటో ఒక్కటి ఉండదు. ఇప్పుడైనా వీధంతా తిరగండి. ఎవరి ఫోన్లోనైనా ఆ రాత్రి వీడియో ఉంటే వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయించుకుని సరిపెట్టుకోకండి, ఆ ఒరిజినల్ ఫోన్ అమ్మొద్దు, రీసెట్ కొట్టొద్దు, ఎక్స్చేంజ్‌కి ఇవ్వొద్దు, ఎందుకంటే భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ఆ వీడియోకి సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. పిల్లలు ఎవరైనా రాగి, అల్యూమినియం ముక్కలు ఏరి దాచారేమో, పాత ఇనుము కొట్టువాడికి అమ్మారేమో అడగండి, నవ్వుకోకండి.

వైరు దొరక్కపోయినా ఇంకో దారుంది. సబ్‌స్టేషన్‌లో లాగ్ బుక్ ఉంటుంది, ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికెళ్ళే లైను) ఎన్ని గంటలకి ట్రిప్ అయింది, అంటే దానంతటదే ఆగిపోయింది, ఎప్పుడు మళ్ళీ ఛార్జ్ చేశారు అని షిఫ్ట్ ఆపరేటర్ రాస్తాడు. ఫైర్ స్టేషన్ రిపోర్ట్‌లో 101కి కాల్ ఎన్ని గంటలకి వచ్చిందో ఉంటుంది. ఫీడర్ ట్రిప్ ముందు, ఫైర్ కాల్ తర్వాత అయితే, లైన్లో తేడా వచ్చాకే మంట అనొచ్చు, మీకు కొంత ఊపిరి వచ్చినట్టే, తిరగబడి ఉంటే వాళ్ళకి. 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి, ఆ రాత్రి లాగ్ షీట్, ముందు ఏడాది ఆ స్తంభం మీద కరెంటు వాళ్ళ 1912 నంబరుకి వచ్చిన కంప్లైంట్లు, మర్నాడు చేసిన పని వివరాలు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఈ వారమే పెట్టండి, ఎందుకో కింద చెప్తా.

మీరు ఏడుపుతో రాసిన గేదె మాటే నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట. విద్యుత్ చట్టం 2003లో 161 సెక్షన్ ఉంది, కరెంటు లైన్‌కి సంబంధించిన ప్రమాదంలో మనిషే కాదు, పశువు చచ్చిపోయినా సరే కంపెనీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి తెలియజేయాలి, రాతపూర్వక రిపోర్ట్‌కి 48 గంటలు గడువు. ఇళ్ళు ఒక్కటే కాలి ఉంటే ఈ సెక్షన్ దగ్గరికే వచ్చేవాళ్ళం కాదు. వాళ్ళు తెలియజేశారా లేదా, ఎంక్వైరీ జరిగిందా, రిపోర్ట్ ఏమంది, ఇదీ ఆర్టీఐలో అడగండి. చేయకపోతే ఆ మాటే దావాలో రాస్తాం. పశువుల డాక్టరు వచ్చి రాసిన కాగితం నాయకుడి పీఏ దగ్గర ఉందన్నారు, ముందు అది తెచ్చుకోండి, జిరాక్స్ కాదు ఒరిజినల్.

ఇప్పుడు గడువు. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 72 ప్రకారం, చట్టం ప్రకారం చేస్తున్న పనిలో జరిగిన తప్పు అని అవతలివాళ్ళు చెప్పుకోగలిగితే, నష్టపరిహారం దావాకి ఒక్క ఏడాదే. ఆర్టికల్ 113 కింద మూడేళ్ళుందని మనం వాదించొచ్చు, కరెంటు కంపెనీ 72 అనే అంటుంది, ఆ గొడవలోకి దిగాల్సిన ఖర్మ మనకెందుకు. పది నెలలు నాయకుడి గుమ్మం ముందు కూర్చున్నారు, ఇంక రెండు నెలలుంది. ఏప్రిల్ మూడో వారం రాకముందే దావా కోర్టులో పడాలి. ఆర్టీఐ సమాధానం రాలేదనో పంచాయితీ జరుగుతోందనో ఆగొద్దు, కాగితాలు తర్వాత కూడా దాఖలు చేయొచ్చు, గడువు దాటితే అన్నీ ఉన్నా లాభం లేదు.

అందరి మీదా వేద్దామన్నారు కదా, వద్దు. ప్రభుత్వాన్ని, అధికారుల్ని కలిపితే సివిల్ కోర్టు విధానాల చట్టం (సీపీసీ) 80 కింద రెండు నెలల నోటీసు, ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తారు గానీ అవతల పది మంది డిఫెండెంట్లు, పది వకాలత్‌లు, వాయిదా మీద వాయిదా. ఫైరింజన్ లేటు వల్ల ఎంత ఎక్కువ కాలింది అని రూపాయల్లో చూపించగలరా? నాయకుల మాటలు అసలు దావాకి ఎక్కవు, ఇప్పిస్తా అన్న హామీ కాంట్రాక్ట్ కాదు. కరెంటు కంపెనీ ఒక్కటే. వాళ్ళు ఏం చెప్తారో ఇప్పుడే చెప్తా వినండి, ఇళ్ళ మధ్య నూనె తొక్కున్న జీడి పిక్కలు షెడ్డులో నింపారు, లైసెన్స్ ఉందా అంటారు. మునిసిపల్ ట్రేడ్ లైసెన్స్ ఉంటే వెతకండి, లేకపోతే నాకు కాదు, మీ లాయరుకి ముందే చెప్పండి.

ఇన్సూరెన్స్ దగ్గర మీరు కోపం తెచ్చుకున్నారు గానీ లెక్క చేయలేదు. మార్చిలో సరుకు విలువ ఇంత అని బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ 9 లక్షలు, పాలసీ 6 లక్షలకే. షెడ్డు ముందు గదిలో బతికిన బస్తాలు 3 లక్షలు, కాలింది 6 లక్షలు. తక్కువకి చేయించుకుంటే ఆ నిష్పత్తిలోనే ఇస్తారు, 9లో 6 వంతు, అంటే 6 లక్షల నష్టానికి 4 లక్షలు. చిన్న వ్యాపారాలకిచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ అయితే 15 శాతం దాకా తక్కువున్నా వదిలేస్తారు, మీది మూడో వంతు తక్కువ. కాబట్టి మీ తగువు 60 వేల మీదే, నష్టం లెక్కగట్టిన సర్వేయర్ రిపోర్ట్ కాపీ రాసి అడిగి ఆ 60 వేలు ఎందుకు కోశారో చూడండి.

ఇప్పుడు ఆ బ్రోకర్ బిల్లుల సంగతి. 6 లక్షల దొంగ బిల్లులు పెడితే స్టాక్ 15 లక్షలు, నష్టం 12 లక్షలు, 15లో 6 వంతు వేస్తే 4 లక్షల 80 వేలు. అంటే 80 వేల కోసం దొంగ కాగితం. అవతల మీ సంతకంతో స్టాక్ స్టేట్‌మెంట్ ఉంది, అమ్మినవాడి జీఎస్టీ రిటర్నుల్లో ఆ బిల్లు ఉండదు, తేలిన రోజు మోసం క్లాజు కింద మొత్తం క్లెయిమ్ పోతుంది, చీటింగ్ కేసు ముందు మీ మీదే. ఆ బిల్లులు ముట్టుకోకండి. ఒక్కటి ముట్టుకున్నా నాలాంటివాడి దగ్గరికి రాకండి.

ఇన్సూరెన్స్ వాళ్ళు సంతకం పెట్టమంటున్న వోచర్ మీద సంతకం పెట్టి డబ్బు తీసుకోవచ్చు. కానీ పక్కన అభ్యంతరంతో తీసుకుంటున్నా అని రాసి, అదే రోజు కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. బలవంతంగా, మోసంతో పెట్టించుకున్నది అయితే వోచర్ ఉన్నా కేసు వేయొచ్చని యునైటెడ్ ఇండియా వర్సెస్ అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఊరికే నచ్చలేదు అంటే కుదరదు. మిగతా దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళు గడువుంది, తొందర లేదు. డబ్బు ముందు బ్యాంకు లోన్ ఖాతాకే వెళ్తుంది, మళ్ళీ దానికి నన్ను తిట్టకండి.

ప్రభుత్వ సాయం వేరు. 2022-26 విపత్తు సాయం నిబంధనల్లో అగ్నిప్రమాదం కూడా ఉంది, పూర్తిగా పోయిన ఇంటికి 1 లక్షా 20 వేలు, పాలిచ్చే గేదెకి 37,500. తహసీల్దార్ ఆఫీసు జాబితాలో మీ ఆవిడ పేరు, గేదె ఎక్కిందో లేదో చూడండి, 2018లో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో ఎంతమంది జాబితాల చుట్టూ తిరిగారో మీకు నేను చెప్పాలా. ఇది తీసుకున్నా దావా వేసే హక్కు పోదు.

ఇల్లు మీ ఆవిడ పేరున ఉంది కాబట్టి ఇంటి నష్టానికి దావా ఆవిడే వేయాలి, మీరు కాదు, బస్తాలకి మీరు. స్త్రీ కాబట్టి ఆవిడకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, కోర్టు ఫీజు భయం అక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి ఇద్దరూ వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. కరెంటు, ఇన్సూరెన్స్ రెండూ, ముందు రాజీకి ప్రయత్నించే శాశ్వత లోక్ అదాలత్‌కి వెళ్ళగలిగే విషయాలే, కోటి రూపాయల దాకా, కోర్టుకి వెళ్ళకముందే వెళ్ళాలి, అది కూడా అక్కడే అడగండి. కానీ అక్కడ నానుతుందనిపిస్తే మార్చి ఆఖరుకి దావా కాగితాలు రెడీగా ఉండాలి. వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి ఇంటి దస్తావేజు, పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఫైర్ రిపోర్ట్, ఆ పాడు కంప్లైంట్ కాపీ, పశువుల డాక్టరు కాగితం, బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంట్. నాయకుడి లెటర్‌ప్యాడ్ ఇంట్లో పెట్టి వెళ్ళండి.