వ్యాన్‌లో లిథియం బ్యాటరీ పెట్టొచ్చా?

ప్రశ్న: పాత టెంపో ట్రావెలర్‌ని క్యాంపర్ వ్యాన్‌గా మార్చుకున్నాం. ఫ్యాను, లైట్లు, చిన్న ఫ్రిజ్‌కి 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంది. గండికోటలో రాత్రి ఆగితే తెల్లారేసరికి డౌన్. దీన్ని తీసేసి లిథియం పెట్టేయొచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పెట్టొచ్చండీ, కానీ పాతది ఊడదీసి అవే వైర్లకి కొత్తది తగిలిస్తే సరిపోదు. లెడ్ యాసిడ్‌ని మాటిమాటికీ సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, అంటే మీ 150లో నిజంగా చేతికొచ్చేది 75. లిథియంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం అయితే 100 ఏహెచ్‌దే 80–90 దాకా ఇస్తుంది, బరువూ చాలా తక్కువ. అసలు చిక్కు ఆల్టర్నేటర్‌తో, అంటే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే పరికరంతో. లిథియం దొరికినంత కరెంటు లాగేస్తుంది కాబట్టి, ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదముంది, అందుకే మధ్యలో ఆ కరెంటుని హద్దులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ వేయించండి, ఇక్కడ మాత్రం డబ్బులకి చూసుకోవద్దు. సోలార్ ఉంటే దాని ఛార్జ్ కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉండాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్.

విదేశీ వీడియోల్లో సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయొద్దని తెగ భయపెడతారు, మన సీమలో ఆ టెన్షన్ ఎక్కడిది! మనకి ఎండతోనే గొడవ. మే నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన వ్యాన్‌లో బ్యాటరీ మరీ వేడెక్కితే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్ ఆపేస్తుంది, బ్యాటరీ ఆయుష్షూ తగ్గుతుంది. ఇంజన్‌కి దూరంగా, గాలి ఆడే చోట బిగించండి. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మాత్రం లెడ్ యాసిడే ఉంచేయండి.