గజ్జెల చప్పుడుకు టీవీ సౌండ్ పెరిగితే

ప్రశ్న: నా వయసు 44. కాకినాడలో ఉంటాం. బ్యాంకులో పనిచేస్తున్నాను. ఏడో ఏట నుంచి పదహారో ఏట వరకు కూచిపూడి నేర్చుకున్నాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా అమ్మ "ఇక చాల్లే" అంది. అంతే, మానేశాను. కిందటేడు హైదరాబాద్‌లో రెండు రోజుల డాన్స్ మెడిటేషన్ వర్క్‌షాప్‌కి వెళ్ళాను. కళ్ళు మూసుకుని మనసుకు తోచినట్టు కదలమన్నారు. పది నిమిషాల్లో భోరున ఏడ్చేశాను. "అది మీ అంతర్వాణి, దాన్నే నమ్మండి" అన్నారు అక్కడి మేడమ్. అప్పటి నుంచి ఉద్యోగం మానేసి డాన్స్ స్కూల్ పెట్టమని మనసు ఒకటే పోరు. మావారేమో "బాబు ఇంజినీరింగ్ ఇంకా రెండేళ్ళుంది, పైగా ఈ వయసులో గజ్జె కడితే నలుగురూ నవ్వుతారు" అంటున్నారు. నాన్న పోయాక అమ్మ రెండేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. తనకు 72. నేను హాల్లో ప్రాక్టీసు మొదలుపెడితే లేచి గదిలోకి వెళ్ళి టీవీ సౌండ్ పెంచుతుంది. అడుగులు వేస్తున్నంతసేపూ నా కళ్ళు ఆ తలుపు మీదే ఉంటాయి. రాజీనామా లెటర్ రాసి ఫోన్‌లో పెట్టుకున్నాను. అంతర్వాణి చెప్పేది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?
- ఒక సోదరి

జవాబు: ముందు రాజీనామా సంగతి తేల్చేద్దాం. వద్దు. తొమ్మిదేళ్ళ చదువు, దాని మీద ఇరవై ఎనిమిదేళ్ళ గ్యాప్. ఈ పెట్టుబడితో స్కూల్ పెట్టి, నెల నెలా ఫీజు కట్టే తల్లుల ముందు గురువుగా కూర్చోలేరు. పిల్లవాడి ఫీజుల విషయంలో మీవారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నలుగురూ నవ్వుతారన్న మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోవాలి. కూచిపూడిలో ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారు అరవై దాటాక కూడా సత్యభామ వేషం కట్టారు. అరవై దాటిన మగమనిషి జడ వేసుకుని రంగం మీదికొస్తే జనం నవ్వడానికి రాలేదు, చూడటానికి వచ్చారు. ఇదే మాట నేను చెప్పానని మీవారితో అనండి. ఆయన సంగతి ఇంతటితో సరి. మీ ఇంట్లో ఇబ్బంది ఆయనతో కాదు.

ఇక అంతర్వాణి. ఈ మధ్య నాకొచ్చే ఉత్తరాల్లో మూడింట ఒకదాంట్లో ఈ మాట ఉంటోంది. కోపమొచ్చినా అంతర్వాణే, ఆడపడుచు మీద అనుమానమొచ్చినా అంతర్వాణే, రాత్రి బిర్యానీ తిని తెల్లారగట్ల గుండె మంటగా ఉన్నా అంతర్వాణే. లోపలి నుంచి వచ్చే ప్రతి చప్పుడూ జ్ఞానం కాదమ్మా. మీ అమ్మగారు చారులో ఉప్పు చెంచాతో కొలిచి వేస్తారా? చేత్తో తీసి వేస్తారు, సరిపోతుంది. ఆ చెయ్యి యాభై ఏళ్ళు చారు కాచింది కాబట్టి సరిపోతుంది. అదే చెయ్యి ఎప్పుడూ వండని వంటకంలో అంచనాగా ఉప్పు వేస్తే నోట్లో పెట్టుకోలేం.

మీ విద్యలోనే చూడండి. తరంగం ఆడేవాళ్ళు ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు పెట్టి, కొందరైతే తల మీద నీళ్ళ చెంబు కూడా పెట్టుకుని, రంగమంతా తిరుగుతారు. ఒక్కసారైనా కిందికి చూడరు. పళ్ళెం ఎటు ఒరుగుతుందో పాదానికి ముందే తెలిసిపోతుంది. చూసేవాళ్ళకు అది దైవకృపలా ఉంటుంది. ఆ పాదం ఎన్ని వేలసార్లు జారిందో గురువుకు తెలుసు. (నా సంగతి అడగకండి, నాకు తాళజ్ఞానం సున్నా. కుక్కర్ విజిల్స్ కూడా లెక్క తప్పుతాను.) మనిషికి కలిగే స్ఫురణ కూడా ఇంతే. దేన్ని ఏళ్ళ తరబడి సాధన చేశామో దాని విషయంలోనే దాన్ని నమ్మొచ్చు. వ్యాపారం మీరు సాధన చేయలేదు. కాబట్టి స్కూల్ పెట్టమని లోపల ఎవరు పోరినా ఆ మాటకు విలువ లేదు. నలభై నాలుగేళ్ళుగా మీరు సాధన చేసిన విద్య ఇంకొకటుంది. మీ అమ్మ. ఆవిడ ముఖం చూసి రోజు ఎలా గడుస్తుందో చెప్పగలరు. గిన్నె పెట్టే చప్పుడును బట్టి కోపమో నీరసమో చెప్పగలరు. ఆవిడ టీవీ సౌండ్ ఎందుకు పెంచుతోందో మాత్రం మీకు తెలియడం లేదట. నేను నమ్మను.

మీ ఉత్తరం నాలుగు పేజీలుంటే ఇక్కడ కుదించి వేశాను. అందులో వర్క్‌షాప్ గురించి రెండున్నర పేజీలు, మీవారి గురించి ఒకటి. అమ్మ గురించి అక్కడక్కడా కలిపి ఎనిమిది లైన్లు. భామాకలాపంలో సత్యభామ ఇలాగే చేస్తుంది. చెలికత్తె మాధవితో లోకంలోని మాటలన్నీ మాట్లాడుతుంది, మొగుడి పేరు చెప్పమంటే మాత్రం సిగ్గుపడి మెలికలు తిరుగుతుంది. మాధవి వేళాకోళం చేసి ఎలాగో చెప్పిస్తుంది. ఇప్పుడు ఆ పని నా మీద పడింది. అమ్మ డాన్స్ ఎందుకు మాన్పించిందో మీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఎందుకని? మీకూ తెలియదు కాబట్టి. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా అడిగారా?

ఆ ఎనిమిది లైన్లలోనే ఇంకో సంగతి రాశారు, బహుశా రాశానని మీకే గుర్తుండి ఉండదు. క్లాసుకు అమ్మే రిక్షాలో తీసుకెళ్ళేది, గంటన్నర సేపు మాస్టారి ఇంటి అరుగు మీద కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టేది. తొమ్మిదేళ్ళు! ఆ ఫాల్స్ ఎవరి చీరలకు, దేనికోసం కుట్టేదో ఎప్పుడైనా ఆలోచించారా? మీ ఫీజు అక్కడి నుంచే వచ్చేదని నా అనుమానం.

మీ అమ్మగారు పుట్టేనాటికి కూచిపూడి ఊళ్ళో సత్యభామ కూడా మగవాడే. 1963లో నాట్యగురువు వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి అకాడమీ పెట్టేనాటికి ఆవిడకు పదేళ్ళుంటాయి. అలాంటి చోట ఆడపిల్లలు గజ్జె కట్టడం పెరిగినా, గోదావరి జిల్లాల్లో మామూలు ఇంటి పిల్ల నేర్చుకుంటానంటే వీపు పగిలేది. ఆడపిల్లల్ని గుడికి అంకితమివ్వడాన్ని నిషేధించిన దేవదాసీ చట్టం 1947లో వచ్చినా, ఆట నేర్చిన ఆడదాన్ని అనే మాటలు చట్టంతో పోలేదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు వీధుల్లో తిరిగాయి. అవి వింటూ పెరిగిన మనిషి తన కూతురికి ఏడో ఏట గజ్జె కట్టించింది. మీకు "ఇక చాల్లే" అన్న ఒక్క మాటే గుర్తుంది. అంతకుముందు తొమ్మిదేళ్ళపాటు ఆవిడ ఎవరెవరి నోళ్ళు మూయించిందో మీకు తెలియదు.

ఆ మాట అన్నది అమ్మే. అనాలని నిర్ణయించింది ఎవరు? మన ఇళ్ళలో ఆ రోజుల్లో "వద్దు" అనేది వసారాలో పుట్టేది, వంటింట్లోంచి వినిపించేది. పిల్లల దృష్టిలో చెడ్డదనిపించుకునే పని ఎప్పుడూ తల్లిదే. మీ నాన్నగారిని తప్పుపట్టడం లేదు, ఆయన్ను నేనెరగను. నేనన్నదంతా తప్పు కూడా కావచ్చు. అది తెలిసిన మనిషి మీకు పది అడుగుల దూరంలో ఉంది. మీరేమో ఫీజు కట్టి రైలెక్కి వెళ్ళి, ముక్కూ మొహం తెలియని ముప్పైమంది ముందు ఏడ్చి వచ్చారు.

ఇంకో మాట, ఇది మీకు నచ్చదు. మీ ఇంటికి డాబా ఉందని, సాయంత్రం అక్కడ మంచి గాలి అని మీరే రాశారు. మరి ప్రాక్టీసు హాల్లోనే ఎందుకు? ఆవిడ అక్కడ కూర్చున్న వేళకే ఎందుకు? మీరు ఆ తలుపు కోసం ఆడుతున్నారు. అడుగు కాస్త గట్టిగానే పడుతూ ఉంటుందని కూడా నాకనిపిస్తోంది. గజ్జె మోగిన ప్రతిసారీ ఆవిడకు "నువ్వే ఆపావు, నువ్వే ఆపావు" అని వినిపిస్తుంటే సౌండ్ పెంచక ఏం చేస్తుంది?

నాట్యశాస్త్ర గ్రంథం అభినయదర్పణంలో చెప్పింది చిన్నప్పుడు మీ మాస్టారు వల్లె వేయించే ఉంటారు. చెయ్యి ఎటు పోతే చూపు అటు, చూపు ఉన్నచోట మనసు, మనసున్నచోట భావం, భావమున్నచోట రసం. వర్క్‌షాప్‌లో కళ్ళు మూసుకోమన్నారు, మన శాస్త్రం కళ్ళు తెరవమంటుంది. మీ చెయ్యి పతాక ముద్ర పడుతోంది, చూపు తలుపు మీద ఉంది. మనసు ఎక్కడుందో మళ్ళీ నేను చెప్పాలా?

తల్లిని చూసుకోవడమంటే బీపీ మాత్ర, ఇడ్లీ వేళకు ఇవ్వడం అనుకునే కాలమొచ్చింది. మీరు అవన్నీ ఇస్తున్నారు, కాదనను. మాట్లాడకుండా మాత్రలిచ్చే పని నర్సు కూడా చేస్తుంది. అలాగని పెద్దావిడ కాబట్టి ఏం చేసినా మనమే సర్దుకుపోవాలనే వాళ్ళలో నేను లేను. మీ మనసులో ముల్లుంది, దాన్ని తీసుకునే హక్కు మీకుంది. కూతురిగా అడగండి. వకీలులా అడిగితే మాత్రం ఆవిడ నోరు విప్పదు.

"ఎందుకు మాన్పించావు?" అనే ప్రశ్న వద్దు. "అమ్మా, నా గజ్జెలు ఏమయ్యాయే?" అని అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు. ఆదివారం చిక్కుడుకాయలు ముందేసుకుని ఇద్దరూ ఈనెలు తీస్తున్నప్పుడు అడగండి. చేతుల్లో పని ఉంటే మన ఆడవాళ్ళకు నోరు తేలిగ్గా కదులుతుంది. ఆవిడ కసురుకుంటే ఊరుకోండి, వచ్చే ఆదివారం మళ్ళీ అడగండి. ఎవరికో ఇచ్చేశానంటే ఎవరికని అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి, "ఊరుకో, బీపీ పెరుగుతుంది" అని ఆపకండి. మీవారిని మధ్యవర్తిగా పెట్టకండి, ఆయన జోకు వేసి పాడుచేస్తారు.

పెద్ద రహస్యమేదో బయటపడుతుందని ఆశ పెట్టుకోకండి. మా అమ్మ నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్ మాన్పించింది. లోయర్ పరీక్షకు ఇంక నెల ఉందనగా. ముప్పై ఏళ్ళు ఆ మూట మోసి, ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "నువ్వు టైపు ఎప్పుడు నేర్చుకున్నావే?" అంది. గుర్తే లేదు! ఆ రోజు అన్నం మానేశాను. రెండ్రోజులకు నవ్వొచ్చింది. మూట మాత్రం ఎక్కడో దిగిపోయింది, ఎప్పుడు దిగిందో చూసుకోలేదు.

డాన్స్ మానొద్దు. స్కూల్ పెట్టొద్దన్నాను గానీ స్కూలుకు వెళ్ళొద్దనలేదు. ఫోన్‌లోని రాజీనామా తీసేసి, మీ వీధి చివర శనివారం సాయంత్రం క్లాసు ఉందన్నారే, అందులో చేరండి. ఎనిమిదేళ్ళ పిల్లల మధ్య నిలబడి, మోకాళ్ళు పక్కలకు వంచి అరమండి వేయడానికి సిగ్గేస్తుంది. మోకాళ్ళు ముందు మొరాయిస్తాయి, మరీ నొప్పిగా ఉంటే డాక్టరుకు చూపించుకోండి. కొన్నాళ్ళు గజ్జెలు లేకుండా ఉత్త పాదాలతో, డాబా మీద ప్రాక్టీసు చేయండి. కొత్త గజ్జెలు కొనడం అమ్మతో మాట్లాడాకే.

మాట్లాడాక ఒక శనివారం ఆవిడ్ని కూడా రమ్మనండి. బలవంతం చేయకండి, రానంటే వదిలేయండి. వస్తానంటే మాత్రం, క్లాసు రెండో అంతస్తులో అని రాశారు కాబట్టి, ముందురోజే మాస్టారితో మాట్లాడి మెట్ల దగ్గర, గాలి తగిలేచోట ఒక కుర్చీ వేయించండి. పైదాకా ఎక్కకపోయినా అడుగుల చప్పుడు వినపడుతుంది.